ఇరవైమూడో నెంబరు చింతమాను

పోయిన వారం ఆళ్లగడ్డ నుంచి అడవి దిక్కుకు పోయే బస్సులో కూర్చున్నాను. ఊరు దాటి, శిల్పులు రాళ్లు చెక్కే కొట్టాలు దాటి, కొండలు కనపడే చోట రోడ్డు ఉన్నట్టుండి ఎడమకు వంగుతుంది. సరిగ్గా అక్కడ మా డ్రైవరు స్టీరింగు వదిలేసి రెండు చేతులూ జోడించాడు. యాభైమంది మనుషులం, నాలుగు కోళ్లు, ఒక గ్యాసు సిలిండరు, ఒక కుట్టుమిషను కొంతసేపు పూర్తిగా దైవాధీనంలో ప్రయాణం చేశాం. మలుపులో ఒక చింతమాను. దాని మొదలుకు పసుపు, కొమ్మలకు గంటలు, ముందర కొబ్బరిచిప్పల గుట్ట. ఆ గుట్ట ఇంకొంచెం పెరిగితే నల్లమలలో కలిపేసుకోవచ్చు.

నా పక్క సీటులో ఉన్న పెద్దాయన దొర్నిపాడు నుంచి మొక్కు తీర్చుకోను వచ్చాడట. నేను అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "మలుపమ్మ తల్లి అప్పా. రోడ్డు కోసరం కొట్టేస్తామని మాను మింద నెంబరు రాసి పోతే, అమ్మే తుడిపేసుకునింది. ఆదివారం, మిట్టమధ్యాన్నం. పసుపూ కుంకుమా చెమట మాదిరి కారినాయంట. ఆడ ఒక్క నరమానవుడు లేడంట."

నరమానవుడు లేని చోటి సంగతి నరమానవులకు ఎట్లా తెలిసింది స్వామీ అని అడగబోయి ఊరుకున్నాను. ఎందుకంటే ఆ ఆదివారం అక్కడ నేనున్నాను. మా మామ ఉన్నాడు. మూడు గిన్నెల క్యారియరు ఒకటి ఉంది.

మామ అంటే పిల్లనిచ్చిన మామ. ఆళ్లగడ్డలో ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగు మాస్టరు. ఆ ఊర్లో ఆయన దగ్గర మామిడిపండు బొమ్మ గీయకుండా పెద్దయినవాడు ఒక్కడూ లేడు. రిటైరయ్యాక మామిడిపండ్ల మీద విరక్తి పుట్టి చెట్ల మీద పడ్డాడు. ప్రతి ఆదివారం చర్చి, చర్చి అయినాక అన్నం, అన్నం అయినాక అడవి. నేను నంద్యాలలో లెక్కల అయ్యవారిని. శనివారం సాయంత్రం భార్యతో ఆళ్లగడ్డ చేరితే, ఆదివారం మా అత్త చేతి కోడికూర తిని, సోమవారం దాకా స్పృహ లేకుండా పడుకోవడం నా పద్ధతి. నా గురకకు పక్కింటివాళ్లు మిద్దె మీద వడియాలు కూడా ఎండబెట్టుకోలేకపోతున్నారని మా ఆవిడ చెప్పేది. ఆ వడియాల మేలు కోరి నన్ను వాళ్ల నాయన వెంట తోలింది.

మామ స్కూటరు కిక్కు కొడితే గోస్పాడు దాకా కుక్కలు లేచేవి. ముందు ఆయన, వెనక నేను, నా ఒళ్లో మడత స్టూళ్లు రెండు, మెడలో రంగుల సంచి, చేతిలో క్యారియరు. శిల్పుల కొట్టాల దగ్గర మామ స్కూటరు నెమ్మది చేసి, సగం చెక్కిన నందుల వైపు గౌరవంగా తల ఊపేవాడు. "వాళ్లది ఉలి, అల్లుడా. ఒక్క దెబ్బ తప్పితే దేవుడే పోతాడు. మనకు రబ్బరుంది" అనేవాడు.

రోడ్డుకు రెండు వైపులా అప్పట్లో చింతతోపు. ఆ నీడలో మిట్టమధ్యాహ్నం కూడా స్కూటరుకు లైటు వేసుకోవాల్సి వచ్చేదంటే కొంచెం ఎక్కువవుతుంది కానీ, నేను వేయమని అడిగిన మాట నిజం. మామ ఆ తోపులో ఒకే ఒక్క చింతమానును ఎన్నుకున్నాడు. రెండేళ్లుగా దాన్నే వేస్తున్నాడు. అడుగున ఏనుగు మోకాలంత బుడిపె, దాని మీద బెరడు ఎండిన చెరువుమట్టి మాదిరి పలకలు పలకలు. ఒక కన్ను మూసి, చెయ్యి చాపి, పెన్సిలు నిలువుగా పట్టి, బొటనవేలితో దాని ఎత్తు కొలిచేవాడు. నన్నూ అట్లే కొలవమన్నాడు. నేను కొలిచినప్పుడల్లా ఆ మాను ఒక్కో ఎత్తు ఉండేది. ఇన్నేళ్లు పిల్లలకు కొలతలు చెప్పిన మనిషిని, ఒక చింతచెట్టు దగ్గర లెక్క కుదరక తల గోక్కున్నాను. నేను వేసిన బొమ్మ చూసి మామ చాలాసేపు ఆలోచించి, "చీపురు బాగా కుదిరింది" అన్నాడు.

ఆ కొలతలే మొదటి గందరగోళం తెచ్చాయి. తోపులో మేకలు మేపే అవ్వ ఒకామె ఉండేది. ఆమెకు తొంభై ఏళ్లనుకుంటే మేకల్లో ఒకదానికి నూరుంటాయి. ఒక ఆదివారం ఆమె మా ముందుకొచ్చి నిలబడింది. "ఏందప్పా కొలుస్తాండారు? దీన్ని గూడా కొడ్తారా?"

"బొమ్మేస్తాండామవ్వా" అన్నాడు మామ.

"మాను ఈడ్నే ఉంది గదా సారూ. మళ్లా బొమ్మెందుకు?"

మామ పెన్సిలు దించాడు. "కొట్టేదానికి మేం కాదవ్వా" అని మాత్రం చెప్పాడు. ఆమె నమ్మలేదు. ఆమె నమ్మకపోవడమే సరైందని వేసవి సెలవుల్లో తెలిసింది. రోడ్డు వెడల్పు చేస్తారట. ఒక ఆదివారం పోయి చూస్తే మాన్లన్నిటికీ బెరడు చెక్కి, తెల్ల రంగుతో నెంబర్లు రాసి ఉన్నాయి. మామ చింతమాను ఇరవైమూడు.

ఆ రోజు ఆయన సంచిలోని రంగుల పెట్టె తెరవలేదు. క్యారియరు కూడా తెరవలేదు. నేను తెరిచాను, అది వేరే సంగతి. ఇంటికొచ్చి ఎవరెవరికో అర్జీలు రాశాడు. ఆ మాను బొమ్మను కూడా అర్జీకి జతచేశాడు. ఒక ఆఫీసులో బొమ్మను ఉంచుకుని అర్జీని తిప్పి పంపారు.

ఆ తరువాతి ఆదివారమే దొర్నిపాడు పెద్దాయన చెప్పిన ఆదివారం. నేను నా స్టూలు మీద కూర్చుని, చీపురును చెట్టుగా మార్చే పనిలో మునిగిపోయాను. మామ లేచి మాను దగ్గరికి పోవడం చూశాను. "బెరడు రంగు దగ్గరగా చూసుకుంటాండా అల్లుడా" అన్నాడు. చేతిలో పెద్ద కుంచె. ఆయన కుంచెలు తుడుచుకోవడం ఒక తంతు. చొక్కాలు పాడుచేస్తున్నాడని మా అత్త ఒక పాత తుండును సంచి పట్టెకు కుట్టేసింది. ఆ తుండుకు తుడవకుండా ఆయన రంగు మార్చడం నేనెప్పుడూ చూడలేదు. నేను తల ఎత్తేసరికి మామ వెనక్కి వచ్చేసి సంచి సర్దుకుంటున్నాడు. మాను మీద, నెంబరు ఉన్న చోట, ఇంత మందాన పసుపు రంగు, మధ్యలో ఎర్రగా నాలుగు పూతలు. ఇరవైమూడు లేదు.

"ఏంది మామా అది?"

"కుంచె తుడ్సినా" అన్నాడు.

సరే అనుకున్నాను. అల్లుళ్లు సరే అనుకోవడానికే పుట్టారు.

మళ్లీ ఆదివారం పోయేసరికి మా స్టూళ్లు వేసుకునే చోట జాగా లేదు. మానుకు ఆకుపచ్చ రవికగుడ్డ కట్టారు. మామ పూసిన రంగు మీద జానెడు మందాన నిజం పసుపు మెత్తారు. నిమ్మకాయలు, వేపాకు, అగరవత్తులు, రెండు ఆటోలు. మేకల అవ్వ ముందుండి అందర్నీ వరసలో నిలబెడుతోంది. మామను చూసి, "చెప్పులు ఇడ్సి రా సారూ" అంది. ఆదివారం బడిలో ముప్పై ఏళ్లు పది ఆజ్ఞలు వల్లె వేయించిన మా మామ చెప్పులు విడిచాడు. ఎందుకు విడిచాడో ఆయనకూ తెలిసినట్టు లేదు. ఆయన మొహంలో నేను అప్పటిదాకా చూడని అయోమయం. కన్నబిడ్డ పెళ్లిలో, పిలుపు లేకుండా వచ్చిన చుట్టం మాదిరి నిలబడ్డాడు.

పది రోజులకు యంత్రాలు వచ్చాయి. సెలవులు కాబట్టి నేనూ ఉన్నాను. ఒకటి నుంచి ఇరవైరెండు దాకా మాన్లు మధ్యాహ్నానికే పడిపోయాయి. ఇరవైమూడు దగ్గర ఆడోళ్లు అడ్డం కూర్చున్నారు. ఇంజనీరు కుర్రతనం పోని మంచి మనిషి, చెమటలు కక్కుతూ ఫోను చెవికి పెట్టుకుని తిరుగుతున్నాడు. చివరికి మాను దగ్గరికొచ్చి పసుపును గోటితో గీకాడు. పసుపు రాలింది. కింద రంగు రాలలేదు.

"ఇది పెయింటు మాదిరి ఉందే అమ్మా. ఎవరో పూసినట్టుంది" అన్నాడు.

"ఎవురు పూస్తారు నాయనా? అమ్మే నెంబరు తుడిపేసుకునింది" అంది మేకల అవ్వ. "కావాలంటే ఆ సారును అడుగు. రెండేండ్లుగా ఈడ్నే కూచ్చుంటాండాడు. క్రిస్టియన్ సారు. అబద్ధం ఆడడు."

అందరూ మామ వైపు తిరిగారు. ఆయన చేతిలో రంగుల పెట్టె ఉంది. దాన్ని నేను తీసుకుని దాచుకోవాలా, దాచుకుంటే దొంగనవుతానా అని తేల్చుకునేలోపే ఇంజనీరు అడిగేశాడు. "సార్, మీరు చెప్పండి. ఇది ఎవరైనా పూశారా?"

అవునంటే మాను పోతుంది. కాదంటే మామ పోతాడు.

"నేను ప్రభువును నమ్మినోన్ని నాయనా" అన్నాడు మామ, మానువైపే చూస్తూ. "పసుపూ కుంకుమా మా ఇంట్లో ఉండవు."

ఇంజనీరు గోరు తుడుచుకున్నాడు. ఫోనులో ఎవరితోనో, రోడ్డు కొంచెం ఎడమకు తిప్పుకుందాం సార్ అన్నాడు. ఆ సాయంత్రం లోపల ఇరవైనాలుగు నుంచి చివరిదాకా అన్నీ నేలకొరిగాయి. పొద్దు గుంకే వేళకు ఇరవైమూడు ఒక్కటే ఆకాశంలో నిలబడి, తన తోపు ఏమైందని చుట్టూ చూస్తున్నట్టుంది.

తిరుగుదారిలో స్కూటరు వెనక కూర్చుని అడిగాను. "మామా, అబద్ధమైతే చెప్పలేదు గదా నువ్వు?"

"యాడ చెప్పినా?"

"నిజం గూడా చెప్పలేదు."

"గట్టిగా పట్టుకో అల్లుడా, గుంతలుండాయి."

నెలకు ఒకసారి మా చర్చిలో ప్రభు బల్ల. రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. తప్పు చేసినట్టు మనసులో ముల్లు ఉన్నవాళ్లు దగ్గరికి పోరు. ఆ నెల మామ లేవలేదు. మరుసటి నెలా లేవలేదు. చర్చి అంతా మెడలు తిప్పి చూసింది. కొందరి మెడలు ఇప్పటికీ పూర్తిగా వెనక్కి రాలేదు. ఇంట్లో మా అత్త నిలదీసింది. "ఏందీ, ఏం చేసినావో చెప్పు. సగం నేను మోస్తా."

"ఏం చేసినానో నాకే తెల్దు" అన్నాడు మామ.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు గదా ఆయప్ప ఎంట తిరిగేది. నీకు తెల్దా?"

"నేను లెక్కల అయ్యవారిని అత్తా" అన్నాను. అంతకంటే పిరికి జవాబు నేను జీవితంలో ఇవ్వలేదు. అత్త బట్టల మూట విప్పుతూ తనలో తను గొణుక్కుంది. "రంగులాట ఆడి వచ్చినా ఆపొద్దు తుండు మాయలేదు. అప్పుడే అనుకున్యా, ఏదో ఉందని."

ఆ మాట మీద నేను ఇప్పటికీ ఆగిపోతాను. తుండు సంచికే కుట్టి ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. మరి మాను దాకా ఎందుకు నడిచినట్టు? ఒకవేళ కావాలనే అయితే, అంత తెలివి మామకు ఉందా? ఆయన కూరగాయల అంగట్లో కూడా పుచ్చు వంకాయలు తెచ్చే మనిషి. ఒకవేళ అనుకోకుండా అయితే, కుంచె సరిగ్గా నెంబరు మీదికే ఎట్లా పోయింది?

మళ్లీ చిగురు వచ్చే కాలం దాకా మామ బల్ల దగ్గరికి పోలేదు. అప్పుడు ఒకనాడు మేకల అవ్వ ఒడి నిండా చింతచిగురు తెచ్చి, "సారుకు వండి పెట్టుమ్మే" అని గడపలో పోసిపోయింది. ఏ మానుదో అత్త అడగలేదు. పప్పులో వేసింది. నేనూ మామా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు. తరువాత ఇంకో రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆ ఆదివారం చర్చిలో అందరికంటే ముందు లేచి బల్ల దగ్గరికి నడిచాడు. దేవునితో ఏం మాట్లాడుకున్నాడో, ఆ పప్పుకూ దానికీ సంబంధం ఏమిటో నాకు తెలియలేదు. అడుగుదాం అడుగుదాం అనుకుంటుండగానే మామ మూడేళ్ల కిందట వెళ్లిపోయాడు. అత్త రంగుల సంచి నాకిచ్చింది. అందులో ఆ చింతమాను ఆఖరి బొమ్మ ఉంది. కొమ్మలు, ఆకులు, బుడిపె, అన్నీ పూర్తిచేసి, నెంబరు ఉండాల్సిన చోట మాత్రం అరచేతి మేర కాగితం తెల్లగా వదిలేశాడు. అక్కడ ఏం వేయాలో ఆయనకు తోచలేదో, తోచే వదిలేశాడో.

బస్సు మలుపు తిరిగి ఆగింది. దొర్నిపాడు పెద్దాయన దిగబోతూ కళ్లకద్దుకుని, "నువ్వు మొక్కవా అప్పా?" అన్నాడు. నా చేతులు ఒకదాని దగ్గరికి ఒకటి వచ్చి, తాకాలో వద్దో తెలియక అట్లే ఆగాయి. ఏడాదికో వలయం చొప్పున చెట్టు తన కాలాన్ని లోపల దాచుకుంటుందంటారు. ఆ ఆదివారం కూడా అందులో ఎక్కడో ఉండే ఉంటుంది. చూడాలంటే కొట్టాలి. కొట్టకూడదనే కదా మా మామ తొమ్మిది పది నెలలు రొట్టె ముట్టకుండా కూర్చున్నాడు.