వికారాబాద్‌లో నీలం, తాండూరులో గులాబీ

పరిగిలో తన బిడ్డ ఇంటికి పోతూ మా అత్తమ్మ "నా హైడ్రాంజియా పైలం" అని ఒక్క మాటే చెప్పింది. ఇరవై ఏళ్ల కిందట ఊటీ నుంచి తెచ్చిన మొక్క అది, తాండూరులో ఇంకెవరింట్లోనూ లేదని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. నేనేమో గాలీ వెలుతురూ తగలాలని కుండీని డాబా మీద నాపరాయి బండపై పెట్టాను. ఎండకు బండ పెనంలా కాలి, మూడు రోజుల్లో మొక్క మాడిపోయింది. ఆదివారం సాయంత్రం అత్తమ్మ వస్తోంది. అలాంటిదే ఇంకొకటి తేవాలని ఆ ఆదివారం పొద్దున్నే వికారాబాద్ బయలుదేరాను.

ఏడింటి ప్యాసింజర్ ఎక్కితే గంట ప్రయాణం, టికెట్ ముప్పై రూపాయలు. స్టేషన్ బయట అనంతగిరి దారిలోని నర్సరీకి రానూపోనూ రెండొందలకు ఆటో మాట్లాడుకున్నాను. నా ముఖం చూసి డ్రైవర్ "దవాఖానకా మేడం?" అన్నాడు.

"కాదు, నర్సరీకి."

"మరి గింత పరేషాన్ ఎందుకు?"

"మా అత్తమ్మ మొక్కను చంపిన."

ఆయన వెంటనే స్పీడు పెంచాడు.

నర్సరీలో చల్లటి గాలి, గ్రీన్ నెట్ కింద విరగబూసిన హైడ్రాంజియాలు. కానీ అన్నీ నీలమే! అత్తమ్మది గులాబీ రంగు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"మొక్క గదేనమ్మా" అన్నాడు నర్సరీ ఆయన. "మా ఎర్రమట్టిల నీలం పూస్తది, మీ సున్నపురాయి నేలల గులాబీ పూస్తది. ఫికర్ చెయ్యకు, మల్ల పూతకు మారుతది."

"మా అత్తమ్మ అయిదింటికే వస్తది అన్నా!"

ఆయనకు నవ్వాగలేదు. రెండొందల యాభై ఇచ్చి, మొక్కను ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం రైలెక్కాను. పూలు తుంచేద్దామని రెండుసార్లు చెయ్యి పెట్టాను కానీ మనసొప్పలేదు.

అత్తమ్మ సంచి కూడా దించకుండా కుండీ దగ్గరికే నడిచింది. నీలం పూలను తిప్పి తిప్పి చూసింది. మా ఆయన లోపలికి పోయేదాకా ఆగి, మెల్లగా "అనంతగిరి తొవ్వల నర్సరీయేనా?" అంది.

నేను తలూపాను.

"వారానికోసారి సున్నపు తేట పొయ్యి బిడ్డా, గులాబీ అయితది. నేను గూడ మూడుసార్లు మొక్కనే మార్చిన. వానికి తెల్వనియ్యకు."

కాపురానికొచ్చి తొమ్మిదేళ్లయింది. ఆ సాయంత్రమే మొదటిసారి ఆమె పక్కన భయం లేకుండా కూర్చుని చాయ్ తాగాను. ఒక చల్లటి ఊరి మొక్క మా ఎండల్లో ఇన్నేళ్లు బతికిందని నమ్మిన నాదే తెలివితక్కువతనం. మీరూ వికారాబాద్ వెళ్లి హైడ్రాంజియా తెచ్చుకుంటే కుండీని బండ మీద పెట్టకండి, కింద ఇటుకలు వేసి నీడలో ఉంచండి. చచ్చిన మొక్కకు బదులుగా తెస్తుంటే మాత్రం, ఇంకా పూయనిది చూసి కొనండి.