ఎడమ కాలు తొక్కినప్పుడల్లా

మా బాపుకు చెవులు సరిగా వినపడవు. వరంగల్‌లోనే మరమగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఆ చప్పుడుకే చెవులు కొద్దికొద్దిగా పోయాయి. ఇంట్లో మేం అరిచి మాట్లాడతాం, ఆయన మా పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. ఇంకో అలవాటు కూడా ఉంది మాకు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆయన ఏదన్నా చెబితే "ఆఁ, సరే బాపు" అని తలూపి మా పనిలో మేం పడిపోతాం. చెవులు వినపడని మనిషికి విషయాలు కూడా తెలియవని మాకెప్పుడు నమ్మకం కుదిరిందో నాకే తెలియదు.

నాది సెకండ్ హ్యాండ్ కారు. మడికొండలో ఆఫీసుకు రోజూ అందులోనే పోయివస్తాను. మొన్న చలికాలంలో బాపును కళ్ల డాక్టరుకు చూపించి ఇంటికి తీసుకొస్తున్నాను. హన్మకొండ చౌరస్తా దగ్గర బండ్లు అడుగడుక్కీ ఆగుతున్నాయి. బాపు ముందు సీట్లో కూర్చుని డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు నా కాళ్ల వైపు చూశాడు.

"బిడ్డా, నువ్వు ఎడమ కాలు తొక్కినప్పుడల్లా లోపల ఏదో ముందటికి జరుగుతాంది. ఇడిస్తే ఎనుకకు పోతాంది. ఎవలకన్న సూపియ్యి," అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వెనక బస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు, ముందు ఆటో కదలడం లేదు. "నేను మాట్లాడేదే ఇనపడది నీకు, ఇంజిన్ సప్పుడు ఇనపడ్డదా?" అన్నాను. అరవలేదు, మామూలుగానే అన్నాను. కానీ ఆయన వైపు తిరిగి అన్నాను. పెదవులు చూసి బతికే మనిషికి అది చాలు. బాపు చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన నా కారెక్కలేదు. దవాఖానకైనా, బజారుకైనా ఆటోలోనే. మేడారం జాతర దగ్గరికొచ్చింది, కార్లో పోదామని అమ్మ అంటే, "ఆ బండి వద్దు. ముగ్గురం బస్సుల పోదాం," అన్నాడు. అమ్మ బతిమాలింది. నేను బతిమాలలేదు. పంతం పట్టాడనుకున్నాను. బండికి ఏ రోగమూ లేదని నిరూపించి ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టాలని నాకూ పంతం వచ్చింది. ఆయిల్ మార్పించి, అన్నీ బాగున్నాయని మెకానిక్ చేత ఒక్క మాట అనిపిస్తే సరిపోతుందని ములుగు రోడ్డులో తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లాను.

మెకానిక్ కారును గుంత మీద నిలిపి, కిందకు దిగి బోల్టు విప్పాడు. నల్లటి నూనె తొట్టిలోకి ధారకట్టింది. ఎండ తగిలేసరికి ఆ నలుపులో సన్నటి మెరుపులు, జరీ పొడి రాలినట్టు. నేను "భలే ఉందే" అన్నాను కూడా. మెకానిక్ అయస్కాంతం ముక్కను నూనెలో తిప్పి పైకి తీశాడు. దాని చుట్టూ నూగులా ఇనుప రజను. వెంటనే ఇంజిన్ అడుగున నూనె ఉండే చాంబర్ మొత్తం విప్పాడు. అందులో బొటనవేలి గోరంత రేకు ముక్క ఉంది. నెలవంకలా వంగి, ఒక అంచు బ్లేడులా అరిగిపోయింది.

"అక్కా, నేను క్లచ్ తొక్కుత. నువ్వు ముందటికొచ్చి ఆ చక్రం దిక్కు సూడు," అని పైకొచ్చి సీట్లో కూర్చున్నాడు.

బానెట్ ఎత్తి ఉంది. బెల్టు తిరిగే చక్రం వైపు చూశాను. అతను తొక్కాడు. చక్రం ముందుకు జరిగింది, బియ్యపు గింజంత. వదిలాడు. వెనక్కి పోయింది. మళ్లీ తొక్కించాను. మళ్లీ జరిగింది. కళ్లతో చూస్తే తప్ప నేను నమ్మనిది బాపు అరచేతికి ఎప్పుడో తెలిసిపోయింది.

"ఇంజిన్ల ఇరుసు అటిటు జరగకుండ ఆపే ముక్క ఇది. ఇరిగింది. ఇట్లనే జాతరకు తోల్తె అడవి తొవ్వల ఇంజిన్ పట్టేస్తుండె. ముందుగాల ఏమన్న సప్పుడొచ్చిందా అక్కా?"

"నాకు రాలే అన్నా. మా బాపు చెప్పిండు."

"ఆయన మెకానికా?"

"కాదు. ఆయనకు చెవులు ఇనపడయి."

మెకానిక్ ఆ ముక్కను గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం ఆ ముక్కను బాపు చేతిలో పెట్టి, "తప్పయింది బాపు," అన్నాను. నేను చెప్పలేదా అని ఒక్క మాట అంటే నా గుండె తేలికయ్యేది. అనలేదు. అరిగిన అంచును బొటనవేలితో రుద్ది చూశాడు. "షెడ్డుల ఎవలకు ఏం ఇనపడది. నలపై సాంచలు ఒక్కసారే ఆడుతాంటె, ఏ సాంచల బోల్టు ఊడుతాందో చెయ్యి పెట్టే తెల్సుకోవాలె," అన్నాడు. మా దగ్గర మరమగ్గాన్ని సాంచ అంటారు.

మేడారం బస్సులోనే పోయివచ్చాం. కారు బాగయ్యాక తాళం చెయ్యి అడిగితే మెకానిక్ ఇవ్వలేదు. "పెద్దాయనను తోల్కరా. ఆయన సరే అంటెనే బండి ఇస్త," అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ అందులో ఎగతాళి లేదు. బాపు వస్తాడో రాడో అని నేను భయపడ్డాను. వచ్చాడు. ముందు సీట్లో కూర్చుని డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. నేను ఇంజిన్ స్టార్ట్ చేసి క్లచ్ తొక్కాను, వదిలాను, తొక్కాను. మెకానిక్ కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"ఇప్పుడు మంచిగుంది. పోదాం పా," అని బాపు సీటు బెల్టు లాక్కున్నాడు.

నేను బండి కదిలించలేదు. ఆయన చేతి పక్కన నా చెయ్యి ఆనించాను. ఎంతసేపు పెట్టినా ఉత్త వణుకే తప్ప ఇంకేమీ తెలియలేదు. "నాకేం తెలుస్తలేదు బాపు," అన్నాను, ఆయనకు కనబడేలా తిరిగి.

బాపు నవ్వాడు. "తెల్వొద్దనే గద బిడ్డా, నిన్ను ఒక్కనాడు గూడ సాంచ దిక్కు రానియ్యంది."