చింతపండుతో తోమిన తుపాకీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో తుపాకీ అంటే భయపడేదాన్ని నేనొక్కదాన్నే. మా అమ్మ ఆస్పత్రిలో నర్సు. రోజూ రక్తం చూసే మనిషికి ఇనపగొట్టం ఓ లెక్కా. మా నాన్నకైతే అదే బతుకుతెరువు. గోదావరి జిల్లాలో లేతు మిషను మీద పని నేర్చుకుని, అమ్మ వెనకాలే ఒమన్ వచ్చి, బహ్లా ఊరి సూక్‌లో, అంటే బజారులో, పాత తుపాకులు బాగుచేసే దుకాణంలో కుదిరాడు. దుకాణం యజమానిని అందరూ అర్బాబ్ అనేవాళ్ళు. నాన్న వీసా ఆయన చేతిలోనే ఉండేది. దుకాణం వెనక రెండు గదుల్లో మా కాపురం. అటు తుపాకులు, ఇటు మేము, మధ్యలో ఒక పరదా. ఆ పరదా దాటి అటు అడుగు పెట్టేదాన్ని కాదు.

నాన్నకి రిపేరుతో పాటు ఇంకో విద్య వచ్చు. తుపాకీ ఏ కాలానిదో, ఎంత చేస్తుందో చెప్పేవాడు. ఫలానా సంవత్సరం అని మాత్రం ఎన్నడూ తేల్చేవాడు కాదు. గొట్టాలు ఊడదీసి, అడుగున కొట్టిన ముద్రలు భూతద్దంలో చూసి, దీనికి ముందుది కాదు, దీని తర్వాతది కాదు అని రెండు హద్దులు గీసేవాడు. ఇంకా గుచ్చి అడిగితే, "ఇనుము చెప్పిందే నేను చెప్తానండి, చెప్పనిది నాకు తెలీదు" అనేవాడు. కొనేవాళ్ళకి చిరాకు, అర్బాబ్‌కి ఇంకా చిరాకు. నాలుగు మాటలు కలిపి చెబితే ఈయన సొమ్మేం పోయిందని అమ్మ కూడా ఒక్కోసారి సణిగేది.

ఒక ఏడు క్రిస్మస్ ముందు వారం, తోటలున్న ఇద్దరు అన్నదమ్ములు తమ తండ్రి తుపాకీ తెచ్చారు. జర్మనీలో చేసినది. పక్కపక్కన రెండు గొట్టాలు. ఒకటి లోపల నున్నగా ఉంటుంది, పిట్టల మీదికి చిన్న గుండ్లు చల్లడానికి. రెండోదాంట్లో మెలితిరిగిన గాడులుంటాయి, దూరాన ఉన్న జంతువుకి ఒంటి గుండు వెయ్యడానికి. రెండు తుపాకులు ఒకే కర్ర మడమకి బిగించారన్నమాట. తండ్రి పోయాడు. తోట పంచుకోవచ్చు గానీ తుపాకీని పంచుకోలేరు. అన్న దాన్ని తీసుకుంటే, దాని ఖరీదుకి సరిపడా ఖర్జూరపు చెట్లు తమ్ముడి వాటాలో కలపాలి. ఎన్ని చెట్లన్నది తేలక ఆర్నెల్లుగా ఒకరింట ఒకరు కాఫీ తాగడం లేదు. ఎవరి తరఫూ కాని పరదేశి మాటైతే ఇద్దరూ వింటామని, శుక్రవారం సాయంత్రం అస్ర్ నమాజు అయ్యాక వస్తామని చెప్పి వెళ్ళారు. అన్నగారు నల్లగా, ఎత్తుగా, నడుముకి ఖంజర్ అనే వంకర కత్తితో ఉన్నాడు. ఆయన గొంతు వినగానే నేను మంచం కిందికి దూరాను.

శుక్రవారం పొద్దున నాన్న ముందు లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత మడమా గొట్టాలూ విడదీసి, ముద్రలు చదవడానికి వెలుతురు బాగుంటుందని గొట్టాలు మాత్రం తెచ్చి మా కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాడు. ఇంతలో అర్బాబ్ తోటలో మోటారు ఆగిపోయిందని కబురొస్తే వెళ్ళాడు. అమ్మ డ్యూటీలో ఉంది. పండక్కని నాకు ఇత్తడి సామాను తోమే పని అప్పజెప్పింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

చెంబులు, కొవ్వొత్తుల స్టాండు అన్నీ చింతపండు, ఉప్పు పెట్టి ఖర్జూరపు పీచుతో తళతళా తోమేశాను. చింతపండు ఇంకా మిగిలింది. బల్ల మీద ఆ గొట్టాలు గోధుమరంగులో మాసి కనిపించాయి. మడమ లేదు, ట్రిగ్గర్ లేదు. పంపు పైపుల్లాంటి వాటికి నాకు భయమెందుకు? పాపం నాన్న ఎంత సంతోషిస్తాడో అనుకుంటూ ఒక చివర నుంచి మొదలుపెట్టి జానెడు మేర రుద్దాను. బాగా తెల్లబడింది. తుడిచి వెనక్కి జరిగి చూసేసరికి, మిగతా గొట్టం బట్టలు కట్టుకున్నట్టూ, ఆ జానెడూ దిగంబరంగా ఉన్నట్టూ అనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రంగు పట్టించుకోక పట్టిన తుప్పు కాదు, చేసినవాడు వారాల తరబడి తుప్పునే మెల్లగా పట్టించి నూనెతో అణిచి తెప్పించిన తోలు అని, అది పోతే ఖరీదు పోయినట్టేనని నాన్న ఎవరితోనో అంటుంటే పరదా ఇవతల నుంచి ఎన్నోసార్లు విన్నాను.

అంతకు ముందు ఏడాదే, ఖంజర్ పిడి మీద గీత పడిందని దుకాణంలో పనిచేసే ఒకతన్ని వారం తిరక్కుండా వాళ్ళ దేశానికి పంపేశారు. నాన్ననీ అలాగే పంపేస్తారు. అమ్మా నేనూ ఇక్కడ, నాన్న అక్కడ. సబ్బు పెట్టి ఎంత కడిగినా నా అరచేతుల నలుపు వదల్లేదు. ఇనుమూ పులుపూ కలిస్తే ఆ నలుపు అంత తొందరగా పోదట, తర్వాత తెలిసింది.

నాన్న మధ్యాహ్నం వచ్చి బల్ల దగ్గర ఆగిపోయాడు. ఆయన నన్నేమీ అడగకుండానే గుమ్మడికాయల దొంగలా నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "అన్నం తిన్నావా అమ్మడూ?" అన్నాడు, అంతే. ఇద్దరం కూర్చుని తిన్నాం. తిట్టినా కొట్టినా బాగుండేది.

అస్ర్ అయ్యాక అన్నదమ్ములు వచ్చారు, అర్బాబ్ కూడా వచ్చి చాప మీద కూర్చున్నాడు. కాఫీ, ఖర్జూరాలు పెట్టారు. నేను పరదా వెనక నిలబడ్డాను. నాన్న వచ్చీరాని అరబీలో, మధ్యలో ఉర్దూ కలిపి మొదలుపెట్టాడు. అడుగున కిరీటం ముద్ర చూపించి, ఇలాంటి ముద్రలు వెయ్యాలని జర్మనీలో చట్టం వచ్చాకే దీన్ని చేశారు, అంతకు ముందుది కాదన్నాడు. పొగ రాని కొత్త తుపాకీ మందుకి వేరే ముద్ర ఉంటుంది, అది దీని మీద లేదు, కాబట్టి మరీ తర్వాతదీ కాదన్నాడు. గొట్టాల మీదా మడమ మీదా నంబరు ఒకటే, అది ఖరీదు పెంచుతుంది. మడమకి కొట్టిన ఇత్తడి మేకులు ఇక్కడివి, అవి కొంచెం తగ్గిస్తాయి.

అప్పుడు గొట్టం చివర మీది గుడ్డ తీశాడు. అన్నగారి ఊపిరి చప్పుడు నాకు వినిపించింది. నాన్న గొంతు మారలేదు. ఇది ఈ పొద్దుటికి ముందుది కాదు, మధ్యాహ్నం తర్వాతదీ కాదు అన్నాడు. ఆకురాయి కాదు, గరుకు కాగితం కాదు, గీతలు లేవు, ఏదో పులుపు. రెండు గొట్టాల సందులో ఖర్జూరపు పీచు ఇరుక్కుంది. చెయ్యి బలమైంది కాదు. చెడగొట్టాలని రుద్దింది కూడా కాదు, ఎంతో శ్రద్ధగా, సమంగా రుద్దారు. ఒక్కొక్క మాటకీ ఆయన వేలు నా వైపు తిరుగుతున్నట్టే ఉండి నేను పరదాలో ఇంకా దాక్కున్నాను. చివరికి, "ఇది మా ఇంట్లోనే జరిగింది. చెయ్యి ఎవరిదో ఇనుము చెప్పలేదు" అని ఆపేశాడు.

తర్వాత ఫింజాను, పిడి లేని ఆ చిన్న కాఫీ కప్పు, అందుకుని తాగాడు. నాన్న ఎప్పుడూ రెండోసారి తాగాక ఇక చాలని ఫింజాను ఊపి ఇచ్చేసేవాడు. ఆ రోజు ఊపలేదు. మూడోసారి పొయ్యనిచ్చాడు, నాలుగోసారీ పొయ్యనిచ్చాడు. పరదా వైపు మాత్రం చూడలేదు. ఎవరి కోసం ఆగాడో నాకు తెలిసింది. నాలుగడుగులు వేసి ఆ మగవాళ్ళ మధ్యకి వెళ్ళి, రెండు చేతులూ చాపాను.

అన్నగారు నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. నాన్న వైపు తిరిగి ఎన్ని చెట్లని అడిగాడు. పది అనాల్సింది ఇప్పుడు ఏడని నాన్న చెప్పాడు. తమ్ముడు సరేనన్నాడు. అన్నగారు తుపాకీ తీసుకుని సలాం కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. అర్బాబ్ నాన్నని అరగంట కడిగేశాడు. ఆ రాత్రి జరిగిందంతా విని అమ్మ నన్ను ఏమీ అనలేదు గానీ, వీసా మళ్ళీ రాసేదాకా నాన్న పెట్టె సర్దే ఉంచింది. ఆ మూడు నెలలూ దుకాణం ముందు ఏ బండి ఆగినా మా గుండెలు ఆగేవి.

నాన్న పోయే ముందు ఏడాది మస్కట్‌లో నా దగ్గరే ఉన్నాడు. కళ్ళు మసకలు. ఒకసారి అడిగాను, ఆ రోజు నేను రాకపోతే ఏం చేసేవాడివని.

"ఏముందీ, నేనే తోమానని చెప్పేవాణ్ణి."

"ఇనుము చెప్పనిది చెప్పనంటావుగా నాన్నా?"

"ఇనుముకి పిల్లలున్నారేంటే?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. పరదేశంలో ఆయనకున్న ఆస్తల్లా ఇనుము చెప్పిందే చెప్తాడన్న పేరు ఒక్కటే. తొమ్మిదేళ్ళ పిల్ల నాలుగడుగులు వెయ్యకపోతే ఆ పేరుని అక్కడే వదిలేసి, చేతకాని పనివాడిగా విమానం ఎక్కేవాడు. నాకిప్పుడు అరవై దగ్గర పడ్డాయి. తప్పు చేస్తే ఇప్పటికీ పరదా వెనక దాక్కోవాలనే అనిపిస్తుంది. అయినా ఎవరూ అడగకముందే వెళ్ళి చెప్పేస్తాను. ధైర్యం ఉండి కాదు. నేను ఆలస్యం చేస్తే నన్ను ప్రేమించేవాళ్ళెవరో ఆ తప్పు తమదని చెప్పేస్తారేమోనని భయం.