రువైస్ తోటలో కొయ్య చక్రం

"ఆ ఇంగ్లండోళ్లు పిండి విసురుకునేదానికి చక్రం తిప్పుకున్నారు. మనం దేనికి తిప్పాల అబ్బీ? నువ్వే చెప్పు!"

ఓబులయ్య ఉలి కింద పడేసి గిరి వైపు చూశాడు. గిరి డ్రైవరు. ప్రతి శుక్రవారం దోహా నుంచి యజమాని కుటుంబాన్ని అల్ రువైస్ దగ్గరి ఈ తోటకు తీసుకొస్తాడు. వాళ్లు భోంచేసే దాకా ఓబులయ్య పక్కన కూర్చుంటాడు. గోదావరి జిల్లా వాడికి ఆ కడప మాట వింటూంటే పొద్దు తెలియదు.

ఊళ్లో ఓబులయ్య బండి చక్రాలు చేసే వడ్రంగి. ఇక్కడికి తోట పనికని వచ్చాడు. తొంభై నాలుగులో యజమాని ఇంగ్లండు వెళ్లి, ఒక పల్లెలో వందల ఏళ్లనాటి రైతుల కట్టడాలు చూసి ఫోటోలు తెచ్చాడు. రాతి కొట్టం, పక్కన కాలువ, కాలువ మీద నీటి వేగానికి తిరిగే, మనిషికి రెండింతల చక్రం. అచ్చం అలాంటిదే కావాలన్నాడు. సిమెంటు ఇటుకలతో కొట్టం లేచింది. చక్రం మాత్రం ఓబులయ్య మెడకు చుట్టుకుంది. అది ఆగకుండా తిరిగాకే ఊరికి సెలవన్నాడు యజమాని. ఇంటివాళ్ల ముఖం చూసి అప్పటికే మూడేళ్లు దాటింది.

"కాలువ యాడుంది ఈడ? బోరు నీళ్లు మోటారుతో పైకెక్కించి దాని నెత్తిన పోయాల. కింద పడినవి మళ్లా మోటారే తోడాల!"

"కిందటి వారం తిరిగిందిగా బాబాయ్."

"మూడు చుట్లు! అతిథులు చప్పట్లు కొట్టేలోగా నిల్చిపాయ."

లోపమేదో ఆయనకు తెలుసు. వారమంతా యజమాని మోటారు ఆపేయిస్తాడు. చక్రం కింద నీళ్లు నిలిచే గుంటలో మునిగిన పలకలు నీళ్లు తాగి బరువెక్కుతాయి. పైవి ఎండకు నెర్రెలిస్తాయి. ఇక చక్రం ఒకపక్కకే లాగుతుంది.

"బండి చక్రం మాదిరే చేసినా. బండి నీళ్లు తాగదు గదా, నాకేం తెలుసు? రోజూ నీళ్లు ఇడవమంటే, అరబ్బీలో మాఫీ, మాఫీ, లేదు పో అంటాడు. దండగంట! శుక్రవారం మాత్రం దండగ గాదంట!"

"నేను చెప్పి చూడనా?"

"చెప్పి, నీ సెలవు గూడా ఆపించుకోని, ఇద్దరం ఈడనే ముసిలోళ్లమైపోదామా?"

కొట్టం అవతల నుంచి యజమాని కేక వినిపించింది. గిరి లేచాడు. ఓబులయ్య అతని చొక్కా పట్టుకున్నాడు.

"వచ్చే శుక్రవారం ఎవరో దొరలొస్తారంట. ఆ పొద్దు తిరిగితే నేను ఇమానం ఎక్కినట్టే. దోహాలో నజ్మా బజార్న బియ్యం అంగళ్లకాడ పాత గోనె సంచులుంటాయి. ముప్పై అడిగి, ఈడ్నించి దోహాకొచ్చే మన కూరగాయల లారీలో రేపే పంపు. తడిపి చక్రమంతా కప్పుతా, పూటకోసారి చేత్తో తిప్పుతా, పలకలన్నీ ఒకటే మాదిరి నానతాయి. ప్లాస్టిక్‌వి గాదు సామీ, గోనెవి! యల్లా, పో!"