కన్నడంలో బాగు

ఆ మెసేజ్ ఇప్పటికీ మా ఫ్యామిలీ గ్రూపులో ఉంది. "పాపకు ప్రోటీన్ పెడితే బాగవుతుందట. భయం లేదు." కింద వరసగా దండాల బొమ్మలు. అందరి ఫోన్లలోంచి తీసేసే గడువు ఎప్పుడో దాటిపోయింది.

పెట్టింది నేనే. హైదరాబాదులో పుట్టి పెరిగినదాన్ని. ఆ ఎండాకాలం రాయచూరులో అక్క దగ్గర ఉన్నాను. అక్కను మా మేనమామకే ఇచ్చారు. మామ యరమరస్ కరెంటు ప్లాంటులో షిఫ్టులు చేస్తాడు. ఇంట్లో వాళ్లిద్దరూ, మామ తల్లి, అంటే మా అవ్వ, ఆరేళ్ల పాప. పాప కనురెప్పలు ఎప్పుడూ సగం వాలి ఉండేవి. కింద కూర్చుంటే చేతులతో మోకాళ్లు, తొడలు పట్టుకుని తన మీద తనే పాకినట్టు లేచేది. బడిలో సోమారి అనేవారు. నేనూ అంతకంటే నయం కాదు. మెట్లెక్కుతుంటే వీడియో తీస్తూ "జల్ది నడువే తాబేలూ" అని అరిచాను. ఆస్పత్రిలో ఆ వీడియో చూశాకే డాక్టరమ్మకు అనుమానం వచ్చి, పాప రక్తం తీసి బెంగళూరుకు పంపింది.

రిపోర్టు వచ్చిన రోజు మామకు డ్యూటీ. అక్కా, నేనూ, పాపా వెళ్లాం. డాక్టరమ్మ మైసూరు వైపు మనిషి, తెలుగు రాదు. ఆవిడ మొదలుపెట్టిందో లేదో పాప ఒంటికి వస్తుందంది.

"నువ్వు ఇనుకుంటుండు, ఇప్పుడే వస్త" అని అక్క పాపను ఎత్తుకుని బయటికి వెళ్లింది.

నాకు వచ్చిన కన్నడం ఆటోవాళ్లతో కొట్లాడేంత. పైగా ఆ టైములో ఫోన్లో నిజం కొట్లాటే ఒకటి నడుస్తోంది. బల్ల కింద టైపు చేస్తూ పైన తలూపాను. పొర గురించి ఏదో అంది, గొట్టాలంది. ఒక ముక్క మాత్రం చెవికి స్పష్టంగా తగిలింది: "ఆ ప్రోటీన్ సరియాగిద్దరె బాగుత్తె."

ప్రోటీన్ సరిగా ఉంటే బాగవుతుంది. ఇంకేం కావాలి? అన్నీ ఇంగ్లీషులో రాశానంటూ ఫైలు చేతికిచ్చింది. ఫోటో తీసుకున్నాను. చదవలేదు. అక్క తిరిగొచ్చేసరికి తర్వాతి పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమన్నదే?"

"ప్రోటీన్ సరిగ్గ లేదంట. పెడితే బాగయితదంట."

"గంతేనా? ఫైల్ల ఏం రాసిన్రు?"

"చదివిన అక్కా, గదే రాసిన్రు. ఎన్నిసార్లు అడుగుతవ్?"

ఆ సాయంత్రమే చాక్లెట్ రుచి ఉన్న ప్రోటీన్ పౌడర్ పెద్ద డబ్బా తెచ్చాను. పాలలో కలిపి పొద్దునా సాయంత్రం నేనే తాగించాను. ప్రతి గుక్కకూ పాప దగ్గేది.

"వద్దు చిన్నమ్మా, ముక్కులకెల్లి వస్తుంది."

"నాటకాలు చెయ్యకు. బాగు గావాల్నా వద్దా?"

అవ్వ కూరగాయలు తరుగుతూ "పోరి వద్దంటుంటే ఇడిసిపెట్టరాదే" అంది. వినలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పట్టుకునే ఉన్నాను. ఖాళీ గ్లాసు ఫోటో కూడా గ్రూపులో పెట్టాను.

వారం తిరక్కుండానే జ్వరం. ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఆస్పత్రిలో ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. పౌడర్ ఎవరు ఇవ్వమన్నారని డాక్టరమ్మ అడిగింది.

"మీరే!" అని అరిచాను. "బాగుత్తె అనలేదా మీరు?"

ఆవిడ నా వంక కాదు, అక్క వంక చూసింది. అక్క తన అరచెయ్యి నా ముఖం ముందు పెట్టి, వేళ్లను మెల్లగా లోపలికి వంచింది.

"బాగు అంటే కన్నడంల గిదే. వంగుడు. నయమయ్యేడిది కాదు."

ఈసారి డాక్టరమ్మ నిదానంగా చెప్పింది, అక్క తెలుగులో అంది. స్టాండుకు వేలాడుతున్న సెలైన్ సంచిలోకి డాక్టరమ్మ వేలితో నొక్కింది, లోపలికి ఒక గుంట పడింది. కండలో ఒక్కో కణం చుట్టూ పలచని పొర ఉంటుందట. ఆ పొర అక్కడక్కడ ఇలాగే లోపలికి వంగి, సన్నని గొట్టమై, కణం నడిమి దాకా పోవాలట. కదలమని వచ్చే కబురు ఆ గొట్టాల వెంటే లోపలికి చేరుతుంది. పొరను వంచేది నెలవంకలా ఉండే ఒక ప్రోటీన్. పాప ఒంట్లో అది పుట్టుకనుంచే తప్పుగా తయారవుతోంది. తింటే వచ్చేది కాదు. మందు లేదు. గొంతువి కూడా కండలే కాబట్టి మింగడం కష్టం, నేను పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ఫైలు తీసి చూశాను. పలచటివి తాగించేటప్పుడు జాగ్రత్త అని నాలుగో లైనులోనే ఉంది.

అవ్వ మంచం పక్కన కిందే కూర్చుని అంతా విన్నది. ఆమె పుట్టిల్లు గోరేబాళ అనే ఊళ్లో, కాలువ కింద వరి పండించే ఇల్లు.

"పెద్ద కాలువల నీళ్లు నిండ ఉన్నయ్" అంది. "పిల్ల కాలువలు లేకపాయె. నడిమిట్ల మడి ఎండుతది. నువ్వు పోయి ఎండిన మడిల ఎరువు గుమ్మరించినవ్ బిడ్డా."

తిట్టినా బాగుండేది. ఆ గొంతులో కోపం లేదు.

పాప ఇంటికొచ్చింది. ఇదివరకు ఎక్కిన మెట్లు ఇప్పుడు ఎక్కలేదు. గంజి చిక్కగా కాచి చెంచాతో పెట్టాలి, మింగే ముందు గడ్డం ఛాతీకి ఆనేలా తల వంచాలి. ఆస్పత్రిలో నర్సు ముద్దుగా "బాగు పుట్టీ, బాగు" అంటూ నేర్పింది. పాపకు ఆ మాటే అలవాటైంది, వంచు అంటే వంచదు. నేను హైదరాబాదు వెళ్లడం మానుకున్నాను. ఇంకెన్నాళ్లు నోటితో తినగలదో చెప్పలేమన్నారు.

తినిపించడానికి గంట పడుతుంది. మధ్యలో ఫోన్ మోగుతూనే ఉంటుంది. నిన్న గ్రూపులో ఎవరో అడిగారు: "పాప బాగేనా?"

చెంచా ఎత్తి "బాగు" అన్నాను. పాప తల వంచింది. మింగింది. దగ్గు వస్తుందేమోనని ఇద్దరం ఆగాం.

వచ్చింది.