మోటరు మీద ఒక్క పైపు

పొద్దున ఏడున్నరకు ఉప్మాలోకి రవ్వ వేయించుకుంటుంటే శంకర్‌పల్లి నుంచి ఎవరో ఫోన్ చేశారు. పేరు చెప్పలేదు, నమస్తే అనలేదు. "మేడం, మీ డబ్బాల నాలుగు సూపిస్తున్నది. నాలుగంటే ఏందన్నట్టు?" అన్నాడు. "మీ మోటరు మీద నాలుగు పైపుల నీళ్లున్నయన్నట్టు," అన్నాను. "అట్లనా. అయితే కొత్తిమీరకు సాలు," అని పెట్టేశాడు. ఈలోపు రవ్వ మాడింది. మా ఆయన వాసన పట్టుకుని వంటింట్లోకి వచ్చి, నేను గరిటె పట్టుకుని నవ్వుతూ నిలబడటం చూసి ఏమైందని అడిగాడు. ఏమని చెప్పను? అంత చిన్న జవాబు చెప్పగలగడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో ఆయన మాడిన ఉప్మాలు చాలానే తిన్నాడు, కాబట్టి ఇంకేమీ అడగకుండా పళ్లెం తెచ్చుకున్నాడు.

నేను ఇరవై ఆరేళ్లు తూకం మిషన్లు తయారుచేసే చోట పనిచేశాను. మిషన్ చూపించే బరువు నిజమో కాదో తేల్చడం నా పని. ఉద్యోగం మానేసి మొయినాబాదులో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ జబ్బు పోలేదు. కూరగాయల బండి దగ్గర నన్ను చూస్తే తక్కెడ దాచేసేవాళ్లు. అలాంటి నాకు మా మేనమామ ఊరు పెద్ద పరీక్ష. చేవెళ్ల అవతల ఆయనకు రెండున్నర ఎకరాల ఎర్ర చెలక, దానికి ఒక బోరు ఉన్నాయి. అక్కడ బోరు నీళ్లను ఇంచుల్లో చెబుతారు. పైపు నుంచి పడే ధారను కంటితో చూసి రెండించులు, మూడించులు అంటారు తప్ప ఎవరూ కొలవరు. భూమి అమ్మేటప్పుడు రెండించులు మూడవుతాయి. పక్క చేనువాళ్లు ఒక్క తడి ఇమ్మని అడిగితే అదే ధార అరించుకు పడిపోతుంది. ఇది అబద్ధమని ఎవరికీ అనిపించదు. మామ ఒక్కడే దీనికి దూరం. ఆయన చర్చి పెద్ద, ఆదివారం ఆరాధనలో మొదటి వరుసలో కూర్చునే మనిషి. అందరి ముందూ లేచి చెప్పిన మాట మీద ఆయనకు మహా పట్టింపు. ఊళ్లో ఏదైనా తగాదా వస్తే ఆయన ఏమన్నాడో అడిగి ఆగిపోయేవాళ్లు. ఆయనకున్న ఆస్తి ఆ చెలకా, ఆ మాటా.

ఆయన తన బోరులో నీళ్లెంత లోతున ఉన్నాయో తెలుసుకునే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండేది. బోరుకు దింపిన కేసింగ్ గొట్టానికీ మోటరు పైపుకూ మధ్యనున్న సందులోంచి గులకరాయి వదిలి, చెవి ఆనించి, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టేవాడు. రాయి బుడుంగుమంటే లెక్క ఆపి తల ఊపేవాడు. "రాళ్లు మోటరు మీద పడితే ఏమైతది మామ?" అంటే, "ఇరవై ఏండ్ల సంది ఏస్తున్న, ఏం గాలే," అనేవాడు. రాయి బదులు శబ్దాన్నే లోపలికి పంపి, నీటిని తాకి తిరిగొచ్చే సమయాన్ని లెక్కగట్టే పెట్టె చేద్దామన్న ఆలోచన నాకు అక్కడే, ఆ బోరు గట్టు మీదే వచ్చింది. ఆరు నెలల్లో అయిపోతుందని మా ఆయనకు మాట ఇచ్చాను. ఇరవై ఆరేళ్లు ఇతరులు తయారుచేసిన వాటికి వంకలు పెట్టిన మనిషికి, తయారుచేయడమంటే ఏమిటో ఎలా తెలుస్తుంది?

మొదటి పెట్టె మా ఇంటి స్టీలు టిఫిన్ డబ్బాలో తయారైంది. దాన్ని బోరు మూతి మీద పెట్టి మీట నొక్కితే టక్కుమంది, ఇరవై ఫీట్లు చూపించింది. మళ్లీ నొక్కితే మళ్లీ ఇరవై. వారం రోజులు అది ఇరవై తప్ప ఇంకో అంకె ఎరగనట్టు కూర్చుంది. బోరులో ఇనప పైపులు ఇరవై ఫీట్లకొకటి చొప్పున జోడిస్తారు కదా, నా శబ్దం మొదటి జాయింటుకు తగిలి అక్కడి నుంచే ఇంటికి వచ్చేస్తోందన్నమాట. జాయింట్లను లెక్కచేయకుండా నీళ్ల దాకా వెళ్లి రావడం దానికి నేర్పేసరికి ఒక ఎండాకాలం గడిచిపోయింది. ఆ తర్వాత ఎర్ర చీమలు లోపల కాపురం పెట్టాయి. కోతులు తీగ పీకాయి. అత్త అయితే ఆ టక్కు టక్కు విని "దీంట్ల బల్లి దూరినట్టున్నది, ఇప్పి సూడు బిడ్డ," అని రోజూ పని ఆపించేది. గట్టి ఇనప పెట్టె కోసం మొయినాబాదులో ఒక వెల్డింగ్ అన్నను పట్టుకున్నాను. ఆయన జన్వాడ ఫాంహౌజుల గేట్లు చేసి చేసి, ఏ ఇనుము ముట్టుకున్నా పైన బాణపు మొనలు పెట్టేసేవాడు. జానెడు పెట్టెకు నాలుగు మొనలు! "ఇవెందుకన్నా?" అంటే, "ఖాళీగుంటే మంచిగుండదు మేడం," అన్నాడు. రేపు రండి, ఎల్లుండి రండి అంటూ తిప్పి, ఆ మొనలు కోసి ఇవ్వడానికి మూడు వారాలు తీసుకున్నాడు. నా తల ప్రాణం తోకకు వచ్చింది.

ఎట్టకేలకు రెండో పెట్టెను మామ బోరు మీద బిగించాం. ఈసారి రెండు వందల యాభై ఫీట్లు చూపించింది. గులకరాయి లెక్కతో చూసినా సరిపోయింది. నేను మొయినాబాదు వెళ్లిపోయాను. అంకె చూసి వారానికోసారి ఫోన్‌లో చెప్పడం మామ వంతు. "ఇయ్యాల రెండు వందల డెబ్బై, బిడ్డ! నంబర్ పెరిగింది," అనేవాడు. "మంచిగ పనిచేస్తున్నది మామ, ఫికర్ చెయ్యకు," అనేదాన్ని. ఇంకో రెండు వారాలకు రెండు వందల తొంభై. తర్వాత మూడు వందల పది. ఆయన గొంతులో సంతోషం, నా గొంతులో సంతోషం. నా సంతోషమంతా పెట్టె తడబడకుండా, వారం వారం ఒక వరసలో చెబుతోందని. ఆయన సంతోషం దేనికో నేను అడగలేదు. ఆ అంకె నేల మీది నుంచి నీళ్ల దాకా ఉన్న దూరమని, పెరిగితే నీళ్లు దిగిపోతున్నట్టని బిగించిన రోజే ఒకసారి చెప్పాను. ఒకసారి చెప్తే చాలనుకున్నాను. నీళ్లంటే ఇంచులే ఎరిగిన మనిషికి, పెద్ద అంకె అంటే ఎక్కువ నీళ్లు తప్ప ఇంకేముంటుంది?

ఆ ఆదివారం పాస్టరు గారు సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవండి అనగానే మామ లేచాడట. బోరులో నీళ్లు రెండు వందల యాభై నుంచి మూడు వందల పదికి పెరిగాయని, ఎండాకాలంలో ఇది దేవుని కార్యమని చెప్పాడు. చర్చి అంతా స్తోత్రం అంది. ఆ ధైర్యంతో ఖాళీగా వదిలేద్దామనుకున్న ఎకరంలో కూడా టమాటా నాటాడు. ఆయన మాట నమ్మి వెనక వరుసలోని ఇద్దరు తమ చేలల్లోనూ నాటారు. ఇదంతా అత్త తర్వాత చెబితే నాకు తెలిసింది. పెట్టె మూడు వందల నలభై చూపించిన వారంలోనే, కాయ ఇంకా పచ్చిగా ఉండగా, మామ మోటరు గాలి పీల్చి కాలిపోయింది.

నేను వెళ్లేసరికి మోటరు తీసేవాళ్లు పైపులు ఒక్కొక్కటే పైకి లాగుతున్నారు. ఊరి మగవాళ్లంతా చుట్టూ చేరారు. అక్కడ అందరూ చూసేది ఒక్కటే, ఏ పైపు నుంచి తడి మొదలవుతుందని. మామ బయటికి లెక్కపెడుతున్నాడు. పదిహేను పొడి, పదహారు పొడి, పదిహేడు పొడి. పద్దెనిమిదో పైపు తడిగా వచ్చింది. మొత్తం ఇరవై, చివరి దాని కిందే మోటరు. అంటే మోటరు మీద మిగిలినవి మూడు పైపుల నీళ్లు, మోటరు వేస్తే గంటలో అయిపోయేవి. పదిహేడు ఇరవైలు మూడు వందల నలభై. నా పెట్టె ఒక్క ఫీటు కూడా తప్పలేదు. అంతమంది మధ్య నాకు మొదట వచ్చిన ఆలోచన అదే, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. పైగా నోరు ఊరుకోక, "అది కరెక్టే చెప్పింది మామ," అనేశాను. ఆయన నా వైపు తిరిగాడు. "నీళ్లెన్ని ఉన్నయో చెప్పమంటే, నీళ్లెంత దూరమున్నయో చెప్తదేందే నీ డబ్బా?" అన్నాడు. తర్వాత పెట్టెను ఊడదీసి, తుడిచి, నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయాడు. తుడిచి ఇవ్వడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆయన తర్వాతి ఆదివారం నుంచి వెనక వరుసలో కూర్చున్నాడు. సాక్ష్యానికి లేవడం మానేశాడు. చర్చి ముందు చింతచెట్టు నీడలో కుర్రకారు "ఎంత తాతా, నంబరు?" అని నవ్వేవాళ్లని అత్త చెప్పింది. టమాటా ఎండిపోయిన ఆ ఇద్దరూ ఏమీ అనలేదు, అది ఇంకా కష్టం. నేను ఏడాది పాటు ఆ పెట్టెను అటక మీద పడేసి, చదవడం రాకపోతే నా తప్పా అని గొణుక్కున్నాను. రెండో ఏడు ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే మామ లెక్క చెవిలో వినబడింది. పదిహేడు పొడి, పద్దెనిమిది తడి. ఆ చేను దగ్గర ఎవరికీ ఫీట్లు అక్కర్లేదు. వాళ్లకు కావలసిన లెక్క వాళ్ల నోట్లోనే ఉంది, నేను వినలేదు. మోటరు మీద ఎన్ని పైపుల నీళ్లున్నాయో చెబితే చాలు, నీళ్లు తగ్గితే అంకె కూడా తగ్గుతుంది. ఇంత చిన్న విషయానికి ఇరవై ఆరేళ్ల అనుభవం అడ్డం పడింది.

ఆలోచన మారినంత తేలిగ్గా వస్తువు మారదు. ఎన్ని పైపులు దింపారో పెట్టెకు చెప్పడానికి రెండు మీటలు పెట్టాలి. అంకె ఎండలో కనబడాలి, కళ్లజోడు లేకుండా కనబడాలి. ప్లాస్టిక్ మూత ఒక వేసవికే పగిలింది, రబ్బరు వాషరు ఒక వానకే ఉబ్బింది. గండిపేట వైపు ఒక కుర్ర ఇంజనీరు, "ఫోన్‌లో యాప్ పెట్టేద్దాం మేడం, డబ్బా మీద అంకె ఎందుకు?" అన్నాడు. బురద చేతులతో ఫోన్ ఎవరు తీస్తారు నాయనా అని బతిమాలి చెప్పాను. భూమి అమ్మకానికి పెట్టిన ఒకాయన అయితే వచ్చి, ఎప్పుడూ పది పైపులే చూపించేలా ఒకటి చేసివ్వమని అడిగాడు. మంచినీళ్లు ఇచ్చి పంపేశాను. ఏడో పెట్టెకు గానీ వంక పెట్టడానికి నాకే ఏమీ దొరకలేదు. దుకాణంలో పెట్టి అమ్మడానికి అది సిద్ధమని తెలిసిన రోజు నాకు సంతోషం కలగలేదు. మామ బోరు మీద నిలబడేదాకా అది నా దృష్టిలో సగం వస్తువే.

పోయిన ఎండాకాలం మామ మార్కెట్‌కు వెళ్లిన పూట చూసుకుని వెళ్లాను. అత్త, "పెట్టిపో, నేనేం సూడలే," అని కందుల చేట తీసుకుని అటు తిరిగి కూర్చుంది. బిగించి, ఇరవై పైపులని పెట్టెకు చెప్పి, మీట నొక్కాను. మోటరు నడుస్తూనే ఉంది. పెట్టె టక్కుమని, ఒకటి చూపించింది. ఇంకో రెండుసార్లు నొక్కాను. ఒకటే. అంతలో మామ వచ్చాడు. నన్ను చూశాడు, పెట్టెను చూశాడు. "ఇది మోటరు మీద పైపుల లెక్క మామ," అన్నాను. ఆయన స్టార్టర్ దగ్గరికి నడిచి ఎర్ర బటన్ నొక్కాడు. కరెంటు పోకుండా, మోటరు కాలకుండా, ఆయన తన చేత్తో మోటరు ఆపడం నేను చూడటం అదే మొదటిసారి. ఈసారి వేసిన క్యారెట్‌లో సగానికే నీళ్లు ఇస్తానని, మిగతా సగం వదిలేస్తానని అత్తకు చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆ ఆదివారం నేనూ వాళ్లతో చర్చికి వెళ్లాను. సాక్ష్యాలకు పిలవగానే మామ వెనక వరుసలోంచి లేచాడు. జనం తలలు తిప్పారు, చింతచెట్టు కుర్రాళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. "గప్పుడు నేను గిక్కడ నిలబడి నీళ్లు పెరిగినయని చెప్పిన. పెరగలే. నాకు సమజ్ గాలే. నా మాట నమ్మి ఇద్దరు నష్టపోయిండ్రు," అన్నాడు. "ఇయ్యాల నా మోటరు మీద ఒక్క పైపు నీళ్లున్నయ్. ఒక్కటే. ఆ ఒక్క దానికి దేవునికి స్తోత్రం." తన బోరులో నీళ్లు లేవని ఆ ఊళ్లో ఎవరూ అంతమంది ముందు చెప్పి ఉండరు. ముందుగా అత్త స్తోత్రం అంది. తర్వాత టమాటా ఎండిన ఆ ఇద్దరిలో ఒకాయన అన్నాడు. ఆ తర్వాత అందరూ అన్నారు.

బయటికి వచ్చాక ఆ ఒకాయనే నా దగ్గరికి వచ్చి, "నా బోరు మీద గూడ ఒకటి పెట్టక్కా. ఎంతున్నదో ఏమో, సూడాలంటే భయమైతున్నది," అన్నాడు. నేను అమ్మిన మొదటి పెట్టె అదే. మామ చెప్పులు వేసుకుంటూ విన్నాడు. మెచ్చుకుంటాడేమోనని నేను కొంచెం సేపు అక్కడే తచ్చాడాను. "ఇప్పుడు సక్కగ చెప్తున్నది," అన్నాడు చివరికి. రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, "జర ముందు చెప్పకపోతివి బిడ్డ," అన్నాడు. నిజమే. పెట్టె మొదటిసారి బిగించిన నాడు ఆ మోటరు మీద ఏడున్నర పైపుల నీళ్లుండేవి. నాలుగేళ్లు కూర్చుని నేను పెట్టెకు మాటలు నేర్పాను, ఆ నాలుగేళ్లూ నీళ్లు నా కోసం ఆగలేదు.