రెండు మేకులు, ఒక తాడు

ఇది ఒక మహాగాథ. ఇందులో ఒక వీరుడున్నాడు, ఘోరమైన ఓటమి ఉంది, మరణం ఉంది, చివర్లో తరతరాలు నిలిచే శిల ఒకటి కూడా ఉంది.

అంటే, నేను ఇంటర్ రెండో సంవత్సరం లెక్కలు తప్పడం గురించి. శిల కూడా శిల కాదు, సిమెంటు.

పరావలయం, దీర్ఘవృత్తం, అతిపరావలయం మూడూ ఒకే శంకువు బిడ్డలని మా లెక్చరరు చెప్పారు. శంకువును ఎటు వాల్చి కోస్తే ఆ బిడ్డ పుడుతుందట. ముగ్గురూ నన్ను ఒకే చూపు చూశారు. పరావలయం అంటే ఒక బిందువుకీ ఒక గీతకీ ఎప్పుడూ సమాన దూరంలో నడిచే దారి. గ్రాఫు కాగితం మీద తొమ్మిది చుక్కలు పెట్టి కలిపాను. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మేకల పాక బాగుంది గానీ గుమ్మం మరిచిపోయావన్నాడు. తరవాత మేం కట్టుకుంటున్న బాత్రూం గోడకి పైపుతో నీళ్లు కొడుతూ, ఆ నీటిధార పైకి లేచి వంగి పడేచోటికి గడ్డంతో చూపించాడు. చుక్కలు దూరం దూరంగా పెట్టడం వల్ల నాది పాక అయింది, నీళ్లు అన్నిచోట్లా ఉంటాయి కాబట్టి దానిది వంపు అయింది. అప్పుడు అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోలేదు.

నాన్న తాపీ మేస్త్రి. చదువు అయిదో తరగతి. ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో బాప్టిస్టు సంఘంలో ఎవరు పోయినా సమాధి ఆయనే కట్టేవాడు. తలవైపు నిలబెట్టే పలకకి పైన ఆర్చి ఉండేది. గుండ్రంగా కాదు, కోలగా, కాస్త అణిగినట్టు. మా శ్మశానంలో అడుగు పెడితే అన్నీ ఒకే కుటుంబం పలకల్లా కనిపిస్తాయి. దూరంగా నిలబడితే ఎవరివి ఎవరివో పోల్చుకోలేం. అందరూ సమానమని పాస్టరుగారు చెప్పేది అక్కడ మటుకు నిజమే.

ఏప్రిల్లో ఫలితాలొచ్చాయి. లెక్కలు పోయాయి. ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అమ్మ మాత్రం చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. అది ఏడుపు కిందికి వస్తుందో రాదో నాకు తెలియదు. నాన్న అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఎక్కడ తప్పానో చూపించమన్నాడు. ఏం చూస్తాడులే అని నోట్సు తెరిచాను. దీర్ఘవృత్తం. సగం పొడవు అయిదు, సగం ఎత్తు మూడు. లోపల నాభులని రెండు బిందువులుంటాయి, అవి మధ్య నుంచి ఎంత దూరమో కట్టాలి. అయిదు వర్గంలోంచి మూడు వర్గం తీసేసి వర్గమూలం కడితే నాలుగు వస్తుంది. పరీక్షలో నేను తీసెయ్యలేదు, కలిపాను. అది అతిపరావలయం సూత్రం. నాకు దాదాపు ఆరు వచ్చింది.

నాన్న ఆ అంకెలు చూసి నవ్వాడు.

"అయిదూ మూడూ అంటే మన సమాధి కొలతే గదే. బెత్తెళ్లలో."

పెరట్లో ప్లైవుడ్ ముక్క పరిచాడు. తన బెత్తెడుతో, అంటే నాలుగు వేళ్ల వెడల్పుతో, మధ్య నుంచి అటు ఆరు, ఇటు ఆరు కొలిచి రెండు మేకులు కొట్టాడు. నా లెక్క ప్రకారమే. వంపు మీద ఏ చోటికైనా రెండు నాభుల నుంచీ ఉన్న దూరాలు కలిపితే మొత్తం పొడవంత రావాలని పుస్తకంలో ఉంది. ఆయన ఆ పుస్తకం చూడలేదు గానీ తాడు మాత్రం పది బెత్తెళ్లే పట్టుకున్నాడు. ఒక కొస ఒక మేకుకి కట్టి, రెండో కొస నా చేతికిచ్చి కట్టమన్నాడు. కట్టబోయాను. మేకు దాకా రాలేదు.

"తాడు అందతందా?" అన్నాడు.

అందలేదన్నాను.

"మరి కాయితమ్మీద ఎలాగ అందింది? పేపరు దిద్దినోడు మంచోడు, తప్పని రాసి ఊరుకున్నాడు. నేనైతే నిన్ను తాడు పట్టుకుని రమ్మందును."

మేకులు పీకి నాలుగు దగ్గర కొట్టాడు. తాడు రెండు కొసలూ తనే కట్టాడు. పెన్సిలు ఇచ్చి, తాడు బిగువు తగ్గకుండా లాగి తిప్పమన్నాడు. తిప్పాను. దీర్ఘవృత్తం వచ్చింది. పైన మూడు, పక్కన అయిదు. లెక్చరరు ఏడాది పాటు చెప్పింది నాన్న కడుక్కున్న చెయ్యి ఆరేలోగా చెప్పేశాడు. ఇది గొప్ప ఘట్టమని మీరు అనుకోవచ్చు. మా కోడి వచ్చి ఆ ప్లైవుడ్ మీద రెట్ట వేసి వెళ్లింది.

మే నెలలో సప్లిమెంటరీ రాశాను. దీర్ఘవృత్తం మళ్లీ వచ్చింది. హాల్లో కూర్చుని తాడు అందుతుందా అందుతుందా అనుకుంటూ రాశాను.

ఫలితాలు రాకముందే నాన్న పోయాడు. ఇరవై ఏళ్లు పరంజాలెక్కి తిరిగిన మనిషి పరంజా మీంచి పడలేదు. చీపురుపల్లిలో పని ముగించుకుని, సాయంత్రం బండి కోసం స్టేషను బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్లో క్యారేజీ. బండి వచ్చింది, వెళ్లింది. నిద్రపోతున్నాడేమోనని పక్కాయన తట్టి లేపబోయాడట. క్యారేజీ మూత కూడా ఊడలేదని ఆయన మాకు రెండుసార్లు చెప్పాడు. అదొక ఓదార్పని ఆయన ఉద్దేశం.

నేను పాసయ్యాను. ఆ సంగతి ఇంట్లో ఎవరితో చెప్పాలో తెలియక సెల్లు కంపెనీవాళ్ల ఫోనొస్తే వాళ్లతో చెప్పాను. వాళ్లు రీచార్జి చేయించుకోమన్నారు.

కొత్త మట్టి మీద వెంటనే సమాధి కట్టరు. ఒక వానాకాలం తడిసి, దిగి, గట్టిపడాలి. ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా శ్మశానానికి వెళ్లి తమవాళ్ల సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తారు కాబట్టి, ఆ లోపు కట్టాలి. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, నాన్న దగ్గర పదేళ్లు పనిచేశాడు. గోడ కడతాడు, సిమెంటు పూసి గిలాబా చేస్తాడు. ఆర్చి మాత్రం రాదు. అది ఎప్పుడూ నాన్నే గీసేవాడు. మావ తాడు తెంపి ఇచ్చేవాడు. పలక పైఅంచు తిన్నగానే పోసేద్దామన్నాడు.

అమ్మ చాట కింద పెట్టింది.

"ఊరందరికీ ఆర్చి ఏసినాడు. మీ బావకి ఉత్త పలకా?"

మావ నా వైపు చూశాడు. నేను గీస్తానన్నాను. అలా అనడం తేలిక.

కొలత కోసం నాయనమ్మ సమాధి దగ్గరికి వెళ్లాను. అదీ నాన్న కట్టిందే. పలక వెడల్పు నా బెత్తెడుతో కొలిస్తే పన్నెండొచ్చింది. పది కదా రావాలని మళ్లీ కొలిచాను. మళ్లీ పన్నెండే. నాన్న చెయ్యి నా చెయ్యి కంటే అంత పెద్దదని నాకు అంతవరకు తెలియదు. కాసేపు అక్కడే కూర్చుని, తరవాత టేపు పెట్టాను. ముప్పై అంగుళాలు. ఆర్చి ఎత్తు తొమ్మిది.

ముప్పైలో సగం పదిహేను, ఆ పదిహేను వర్గంలోంచి తొమ్మిది వర్గం తీసేశాను. తీసేశాను, కలపలేదు. వర్గమూలం పన్నెండు వచ్చింది. ప్లైవుడ్ మీద మధ్య నుంచి పన్నెండేసి అంగుళాల దగ్గర మేకులు కొట్టాను. తాడు ముప్పై అంగుళాలకి సరిగ్గా తెంపి, రెండు కొసలూ కట్టి, పెన్సిలు తిప్పాను. గీత వచ్చింది గానీ నడ్డి విరిగినట్టు వచ్చింది. తొమ్మిది రావలసిన ఎత్తు ఆరు దాటలేదు. లెక్క మూడుసార్లు చూశాను. తప్పు లేదు.

మావ వచ్చి తాడు వైపు చూశాడు.

"మీ నాన్న ముడికి ఇడిసీవోడు. కొసకో బెత్తెడు."

ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

"నెక్క కట్టినావు గదే గుంటా. ముడి కూడా అందులో కలిసిపోయి ఉంటాదనుకున్నాను."

సమీకరణంలో ముడి ఉండదు. ఆ రోజు పెరట్లో నాన్న రెండు కొసలూ తనే కట్టేశాడు. నాకు చూపించాల్సిన సంగతని ఆయనకీ తట్టి ఉండదు, చూడాల్సిన సంగతని నాకూ తట్టలేదు. ఇంకా ఇలాంటివి ఎన్ని తనే కట్టేసి వెళ్లాడో అడగడానికి ఇప్పుడు మనిషి లేడు.

మావ కొత్త తాడు ముప్పై ఆరు అంగుళాలకి తెంపి, రెండువైపులా మూడేసి అంగుళాల దగ్గర గుర్తు పెట్టి ఇచ్చాడు. ముడులు ఆ గుర్తుల మీద పడేట్టు కట్టాను. ఈసారి వంపు లేచింది. గీతని పాత పేపరు మీదికి దించి, కత్తిరించి, నాయనమ్మ పలక మీద పెట్టి చూస్తే అంచుకి అంచు కలిసింది, ఎడమవైపు చిన్న వణుకు తప్ప. తాడు సాగిందన్నాను. అది నైలాను తాడు, సాగదు. మావ సాగుతాదన్నట్టు తలూపాడు.

గీత ప్రకారం చెక్క కోసి, అచ్చు కట్టి, గుడ్ ఫ్రైడే ఆరాధన నుంచి వచ్చాక పోశాం. ఆదివారం తెల్లవారేసరికి పలక ఇంకా పచ్చిగానే ఉంది. మీద తడి గోనెసంచి కప్పి ఉంది. పేరు రాయలేదు. అమ్మ కొవ్వొత్తి పక్కన ఇటుక మీద పెట్టింది. ప్రార్థన అయ్యాక అందరూ వెళ్లిపోయారు. నేను పైపు కోసం శ్మశానం వాచ్‌మన్ దగ్గరికి వెళ్లాను.

సిమెంటు పనికి కనీసం వారం రోజులు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నీళ్లు కొట్టాలి.